పక్షవాతం తగ్గాక కారు తీస్తానంటే: ముందు ఎడమవైపు ధ్యాస చూడండి

చెయ్యీ కాలూ మళ్లీ స్వాధీనంలోకి వచ్చాయి, మాట తేరుకుంది, ఇక కారు తీస్తానంటున్నారు నాన్నగారు. తాళాలు ఇచ్చే ముందు కొన్నాళ్లు ఆయన్ని గమనించండి.

మెదడులో కుడివైపు స్ట్రోక్ వచ్చినవాళ్లలో కొందరికి ఎడమవైపు మీద ధ్యాస పోతుంది. కన్ను బాగానే ఉంటుంది, అటు ఉన్నదాన్ని మెదడే పట్టించుకోదు. కంచంలో ఎడమ పక్కనున్న కూర ముట్టకుండానే ‘కూర వెయ్యలేదేం?’ అంటారు. ఎడమ చెంప మీద గడ్డం అలాగే ఉండిపోతుంది. గుమ్మం దాటుతుంటే ఎడమ భుజం తగులుతుంది. ఇవన్నీ పరధ్యానమని కొట్టిపారేయకండి.

అన్నిటికన్నా భయపడాల్సింది, ఆ లోపం తనకుందని చాలాసార్లు ఆ మనిషికే తెలియకపోవడం. ‘నాకేం, అంతా కనిపిస్తోందిగా’ అని మనస్ఫూర్తిగానే అంటారు. లైసెన్స్ ఫారంలో అడిగినట్టు 25 మీటర్ల దూరంలోని నంబర్ ప్లేటు చదివేస్తారు కూడా. అది చూపుకు పరీక్ష, ధ్యాసకు కాదు. మన రోడ్ల మీదేమో డ్రైవర్ కూర్చునేది కుడివైపు. సందు దొరికితే బైకులు దూసుకొచ్చేదీ, బస్సు దిగినవాళ్లు ఉండేదీ ఎడమవైపే.

న్యూరాలజిస్టుని సూటిగా అడగండి, ఎడమవైపు ధ్యాస పరీక్షించారా అని. గీతకు సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టమంటారు, కాగితం నిండా ఉన్న నక్షత్రాలు కొట్టేయమంటారు. గుర్తు బాగా కుడికి జరిగినా, ఎడమ నక్షత్రాలు మిగిలిపోయినా అనుమానించాల్సిందే. రెండు పక్కలా ఒకేసారి వేళ్లు కదిపినప్పుడు కుడిపక్కవే కనిపించాయంటే అదీ లోపమే. చూపు పరిధి పరీక్ష వేరే ఉంటుంది, అదీ చేయించండి. ఫిట్స్ వచ్చి ఉంటే దాచకండి.

గదిలో కూర్చుని ఇవన్నీ పాసైనవాళ్లు కూడా హారన్ల మధ్య తడబడొచ్చు. అందుకే డాక్టర్ సరేనన్నాక, శిక్షకుడి వైపూ బ్రేకు ఉన్న డ్రైవింగ్ స్కూల్ కారులో, ముందు ఖాళీ రోడ్డు మీద, తర్వాత ట్రాఫిక్‌లో నడిపించి చూడాలి. ‘పక్కన నేనుంటాగా’ అనే ధైర్యం పనికిరాదు, మన కారులో బ్రేకు ఆయన కాలి కిందే ఉంటుంది. నడపగలిగే స్థితిలో లేమని తెలిసీ బండి నడపడం 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 186 కింద నేరం కూడా.

ఇప్పుడు వద్దన్నంత మాత్రాన ఎప్పటికీ వద్దని కాదు. మొదటి కొన్ని నెలల్లో చాలామందికి ఇది మెరుగవుతుంది. ఎడమవైపు కావాలని తల తిప్పి చూసే అలవాటును ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా శిక్షణ ఇచ్చేవారు) నేర్పిస్తారు. మళ్లీ పరీక్ష ఎప్పుడో తేదీ అడిగి రాసుకోండి. అప్పటిదాకా తాళాలు ఇంట్లో ఇంకొకరి దగ్గరే ఉండాలి, స్కూటర్ తాళం కూడా.