విదేశాల నుంచి విశాఖకు వచ్చి స్థిరపడేవారికి: మీ చిన్న కెమెరా సంగతి

కొందరు అక్కడ వాడిన చిన్న డిజిటల్ కెమెరానే వెంట తెచ్చుకుంటారు, కొందరు ఇక్కడికొచ్చాక తక్కువ ధరలో ఒకటి కొంటారు. ఎవరైనా సరే, ఈ ఊళ్లో కెమెరాకు పరీక్ష పెట్టేది సముద్రమే.

తెచ్చుకున్నవారు ముందు ఛార్జర్ చూడండి. మన కరెంటు 230 వోల్టులు. ఛార్జర్ మీద సన్నటి అక్షరాల్లో 100-240 అని ఉంటే ప్లగ్గుకు అడాప్టర్ కొనుక్కుంటే చాలు. 120 అని మాత్రమే ఉంటే నేరుగా సాకెట్లో పెట్టకండి, కాలిపోతుంది. అమెరికా కెమెరా అయితే మెనూలో వీడియో సెట్టింగ్ ఎన్‌టీఎస్‌సీ అని ఉంటుంది. మార్చే వీలుంటే ఇక్కడి వీడియో పద్ధతి అయిన పాల్ పెట్టండి. అక్కడి కరెంటు 60 హెర్ట్‌జ్, ఇక్కడిది 50. మార్చకపోతే ట్యూబ్‌లైట్ కింద తీసిన పుట్టినరోజు వీడియోలో నల్లటి చారలు పాకుతూ కనిపించవచ్చు.

కొత్తగా కొనేవారు మెగాపిక్సెళ్లు చూసి మురిసిపోవద్దు. ఎనిమిదికి పన్నెండు అంగుళాల ఫొటో నాణ్యంగా వేయించడానికి 9 మెగాపిక్సెళ్లు చాలు. జూమ్ అడిగేటప్పుడు ఆప్టికల్, అంటే లెన్స్ తోనే దగ్గరికి తెచ్చేది, ఎంత అని అడగండి. డిజిటల్ జూమ్ ఉన్న బొమ్మనే కత్తిరించి పెద్దది చేస్తుంది, అంతే. నేనైతే చేతి వణుకును సర్దే ఇమేజ్ స్టెబిలైజర్ లేని కెమెరా కొనను. బొర్రా గుహల మసక వెలుతురులో చెయ్యి కాస్త వణికినా బొమ్మ అలికేసినట్టు వస్తుంది.

మన సముద్రం తూర్పున ఉంది. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో అమ్మానాన్నల్ని నీళ్లకు వీపు పెట్టి నిలబెడితే ఆకాశం బాగా వస్తుంది, వాళ్ల ముఖాలు మాత్రం నల్లబడిపోతాయి. ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్ నొక్కి ప్లస్ 1కి జరపండి, లేదా పగలే అయినా ఫ్లాష్ వెయ్యండి. సాయంత్రం నాలుగున్నరకు అదే బీచ్ ఒడ్డున మ్యూజియంగా ఉన్న కురుసుర సబ్‌మెరైన్ దగ్గర ఈ తంటా ఉండదు. ఎండ ఊరివైపు నుంచి వచ్చి ముఖాల మీదే పడుతుంది.

నా మొదటి కెమెరా ఇసుక వల్లే పోయింది. రుషికొండలో తువ్వాలు మీద పెట్టి పిల్లల వెనక పరిగెత్తాను. ఇంటికొచ్చి ఆన్ చేస్తే లెన్స్ సగం బయటికొచ్చి, కరకరమని రెండుసార్లు మూలిగి ఆగిపోయింది. లెన్స్ గొట్టాల సందులో ఇసుక రేణువులు ఇరుక్కున్నాయి. రిపేరుకు అడిగిన డబ్బుతో ఇంచుమించు ఇంకో కెమెరా వచ్చేది. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది. అప్పటినుంచి బీచ్‌లో కెమెరా చేతిలోనైనా ఉంటుంది, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లోనైనా ఉంటుంది.

ఇంటికి రాగానే బాడీని కొద్దిగా తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దండి. పొడిగుడ్డ ఒక్కటే వాడితే ఉప్పు పూర్తిగా పోదు. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. ఒక ఇరవై నిమిషాలు కెమెరాను బ్యాగులోంచి తీయకుండా ఉంచండి. వానాకాలంలో గట్టి మూత ఉన్న డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో దాచండి, లేకపోతే లెన్స్ లోపల బూజు పడుతుంది.

ఇది నేవీ ఊరు. డాక్‌యార్డ్ గోడల దగ్గర, నేవీ గేట్ల దగ్గర కెమెరా బ్యాగులోనే ఉండనివ్వండి. బోర్డు కనబడకపోయినా గేటు దగ్గరున్న జవానును అడిగాకే తీయండి.