పాత గోడకి బయట ఫోమ్: వేస్తే రెండంగుళాలు వేయండి

మినియాపొలిస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎక్కువగా కొత్త ఇళ్లే కొంటారు. మేము రిచ్‌ఫీల్డ్‌లో 1950ల నాటి ఇల్లు కొన్నాం. ఆఫీసుకి దగ్గర, వీధి నిండా పెద్ద చెట్లు, గోడలు మాత్రం పల్చన. జనవరిలో మంచాన్ని గోడకి జరిపి పడుకోలేం. సైడింగ్, అంటే గోడ బయటి తొడుగు, ఎలాగూ మార్చాల్సి వచ్చింది కాబట్టి అదే ఊపులో దాని కింద చలిని ఆపే ఫోమ్ బోర్డు వేయించాం. సైడింగ్ బాగున్న ఇంటికి కేవలం ఫోమ్ కోసం దాన్ని పీకించమని నేను చెప్పను. ఆ డబ్బు ముందు అట్టిక్ (పైకప్పు కింది ఖాళీ) ఇన్సులేషన్‌కి ఖర్చు పెట్టండి.

ముందుగా మందం సంగతి. కొటేషన్ ఇవ్వడానికి వచ్చిన ఒకాయన "అరంగుళం ఫోమ్ వేసేస్తాం, అదీ ఇన్సులేషనే కదా" అన్నాడు. నేను వద్దన్నాను. ఇంట్లో వెచ్చటి గాలిలోని తేమ గోడ సందుల్లోంచి బయటివైపుకి వెళ్తుంది. అక్కడ స్టడ్‌ల (గోడ లోపలి నిలువు చెక్కల) మీద కొట్టిన చెక్క, అంటే షీతింగ్, చల్లగా ఉంటే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు దానికి చెమట పడుతుంది. ఫోమ్ లేని పాత గోడకీ ఆ చెమట పడుతుంది, కానీ బయటివైపు ఆరిపోతుంది. అరంగుళం ఫోమ్ ఆ ఆరే దారిని మూస్తుంది, చెక్కని వెచ్చగా మాత్రం ఉంచలేదు.

లెక్క చూడండి. లోపల 21 డిగ్రీల సెల్సియస్, తేమ 35 శాతం ఉంటే ఆ గాలిలోని తేమ సుమారు 5 డిగ్రీల దగ్గర నీరు అవుతుంది. ఇక్కడ చలికాలం సగటు మైనస్ 7 అనుకుందాం, స్టడ్‌ల మధ్య ఆర్-13 ఇన్సులేషన్ ఉందనుకుందాం (ఆర్ అంటే వేడిని ఆపే శక్తి, అంకె పెద్దదైతే మేలు). ఆర్-2.5 ఇచ్చే అరంగుళం ఫోమ్‌తో షీతింగ్ మైనస్ 2 దగ్గర ఉంటుంది. ఆర్-10 ఇచ్చే రెండంగుళాలతో ప్లస్ 5కి వస్తుంది. లోపల మామూలు లేటెక్స్ పెయింట్ తప్ప తేమని ఆపేది ఏదీ లేని టూ బై ఫోర్ గోడకి (పేరుకి 2x4 అంగుళాల స్టడ్‌లున్నది), వాతావరణాన్ని బట్టి చేసిన విభజనలో మన జోన్ 6లో ఐఆర్‌సీ అనే ఇళ్ల నిర్మాణ కోడ్ అడిగేది బయట కనీసం ఆర్-7.5. టూ బై సిక్స్ గోడకైతే 11.25. మీ సిటీ ఇన్‌స్పెక్టర్‌ని అడిగి ఖాయం చేసుకోండి, పర్మిట్ ఎలాగూ కావాలి.

ఏ ఫోమ్? దొరికే బోర్డులు మూడు రకాలు. ఎక్స్‌పీఎస్ అంగుళానికి ఆర్-5, ఈపీఎస్ సుమారు 4. రేకు అంటించిన పాలీఐసో మీద 6 అని రాసి ఉంటుంది కానీ గడ్డకట్టే చలిలో అది పడిపోతుంది, నేనైతే 5 అనే లెక్కేస్తాను. గోడ లోపలివైపు ప్లాస్టిక్ షీటు ఉన్న ఇల్లయితే బయట రేకు వద్దు, రెండిటి మధ్య చిక్కిన తడికి దారుండదు. అలాంటి ఇంటికి రాక్‌వూల్ (రాతి నార) బోర్డు మేలు. అది ఫోమ్ కాదు, తేమని బయటికి పోనిస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఇల్లు 1978కి ముందుదైతే పెయింట్‌లో సీసం ఉందేమో టెస్ట్ చేయించండి. సైడింగ్ గట్టి సిమెంటు పలకల్లా ఉంటే ఆస్‌బెస్టాస్ కావచ్చు, పరీక్ష అయ్యేదాకా ఒక్క పలక కూడా విరగ్గొట్టొద్దు.

సైడింగ్ తీశాక కుళ్లిన చెక్క మార్చి, హౌస్‌ర్యాప్ (వాన నీటిని ఆపే షీటు) చుట్టి అతుకులన్నిటికీ టేప్ వేయాలి. కిటికీల దగ్గరే అసలు పని. పైషీటు కిందిదాని మీదకి వచ్చేలా, కిటికీ పైనున్న ఫ్లాషింగ్ (నీటిని బయటికి మళ్లించే పట్టీ) హౌస్‌ర్యాప్ కిందకి దూరేలా చూడాలి. చలి సంగతి తర్వాత, వాన నీళ్లు లోపలికి వెళ్లకపోవడం ముందు. కిటికీలూ మార్చే ఉద్దేశం ఉంటే ఇప్పుడే మార్చండి. గోడ దాదాపు మూడంగుళాలు లావెక్కాక మళ్లీ అంచులన్నీ కట్టుకోవడం దండగ.

ఫోమ్‌ని ఒక్క రెండంగుళాల బోర్డుగా కాకుండా అంగుళం చొప్పున రెండు పొరలు వేయించండి. కింది అతుకు మీద పై అతుకు రాకూడదు. ఆ పైన నిలువుగా వన్ బై ఫోర్ చెక్క పట్టీలు, సరిగ్గా స్టడ్‌ల మీద. పాత సైడింగ్ మేకుల వరస చూస్తే స్టడ్ ఎక్కడుందో తెలుస్తుంది, ఫోమ్ వేయకముందే గీతలు గీసి పెట్టుకోవాలి. పట్టీ ముప్పావు, ఫోమ్ రెండు, షీతింగ్ ముప్పావు, స్టడ్‌లోకి కనీసం అంగుళంన్నర: అంటే ఐదంగుళాల స్క్రూ. బిగిస్తుంటే ఉత్తినే తిరిగిపోతే స్టడ్ తగల్లేదన్నమాట, తీసి పక్కన వేయమనండి. స్క్రూలు ఎంత దూరంలో వేయాలన్నది సైడింగ్ బరువుని బట్టి మారుతుంది. కొత్త సైడింగ్ ఈ పట్టీలకే కొడతారు. వెనక మిగిలే ముప్పావంగుళం సందులో గాలి ఆడి తడి ఆరుతుంది. కింద పురుగులు దూరకుండా జాలీ మర్చిపోవద్దు.

పని అయ్యాక ఇంట్లో గాలి మునుపటిలా కారదు. గ్యాస్ వాటర్ హీటర్ పొగ తనంతట తానే పైకి పోయే పాతరకం గొట్టందైతే ఇది ప్రమాదం, ఫ్యాన్లు లాగే గాలికి ఆ పొగ ఇంట్లోకి తిరిగి రావచ్చు. బాత్రూమ్ ఫ్యాన్లు, వంటింటి హుడ్, డ్రయ్యర్ అన్నీ ఆన్ చేసి, హీటర్ వేడెక్కిన కొన్ని నిమిషాలకి దాని పైగొట్టం మొదట్లో అగరుబత్తి పట్టుకోండి. పొగ గొట్టంలోకి పోవాలి. గదిలోకి తిరిగి వస్తుంటే హీటర్ ఆపి, టెక్నీషియన్‌ని పిలవండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఎలాగూ ఉండాల్సిందే. మన వంటల్లో ఇడ్లీ ఆవిరి, కుక్కర్ ఆవిరి తక్కువేం కాదు కాబట్టి హుడ్ గాలి బయటికి పోయేదే అయ్యుండాలి, ఫిల్టర్‌లో తిప్పి మళ్లీ ఇంట్లోకే వదిలేది కాదు. తేమని కొలిచే చిన్న హైగ్రోమీటర్ కొని చలికాలం ఇంట్లో తేమ 35 శాతం దాటకుండా చూసుకోండి.

డబ్బు మాట ఒకటి. ఇన్సులేషన్ మెటీరియల్ మీద 30 శాతం, గరిష్ఠంగా 1,200 డాలర్ల ఫెడరల్ టాక్స్ క్రెడిట్ 2025 డిసెంబరు 31తో అయిపోయింది. ఇంకా ఎవరైనా దాన్ని చూపించి ధర తగ్గినట్టు కొటేషన్ ఇస్తే ఆ అంకె కొట్టేసి చూడండి. మీ గ్యాస్ కంపెనీ రిబేటు ఏమైనా ఇస్తుందేమో పని మొదలవకముందే ఫోన్ చేసి అడగండి.