అక్టోబరు గాలికి జూన్‌లోనే జాగ్రత్త: ఉద్దానంలో పండ్ల మొక్కలు నాటేవారికి

పైలీన్ తుపాను 2013 అక్టోబరు 12న ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖలో, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. తేదీలు గమనించండి. తొలకరికి జీడిమామిడి, మామిడి, పనస, కొబ్బరి మొక్కలు పెట్టే ఉద్దానం రైతుకు, అంటే శ్రీకాకుళం జిల్లా తీరంలోని కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు రైతుకు, ఆ గాలి వచ్చేలోపు మిగిలేది మూడు నాలుగు నెలలే. తుపాను ఏటా రాకపోవచ్చు, సముద్రపు గాలి మాత్రం ఏడాది పొడవునా ఉండేదే. అందుకే ఈ నెలల్లో మొక్క ఎంత ఎత్తు పెరిగిందన్నది కాదు, వేరు ఎంత దిగిందన్నది చూసుకోవాలి.

నర్సరీలో నాలుగైదు అడుగుల మొక్క ముచ్చటగా కనిపిస్తుంది, దానికి ధర కూడా ఎక్కువే చెబుతారు. గాలికి ఎదురుగా ఉన్న నేలకు అది వద్దు. మోకాలెత్తులో, మొదలు లావుగా ఉన్న మొక్కను ఎంచుకోండి. సంచి అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ మొక్క ఎన్నేళ్లయినా నేలను గట్టిగా పట్టుకోదు. అంటుకట్టిన చోట పాలిథిన్ పట్టీ ఇంకా బిగిసి ఉందేమో వేలితో తడిమి చూడండి. పట్టీ కోసుకుపోయి కాండం సన్నబడితే, గాలికి సరిగ్గా అక్కడే విరుగుతుంది. నాటేటప్పుడు ఆ అతుకు మట్టిలో కూరుకుపోకుండా జానెడు పైన ఉండాలి.

పనసకు వేరు కదిలితే కోపం. గింజను పొలంలోనే పెట్టుకోవడం మేలు. మామిడిలో కూడా టెంకలు పొలంలోనే నాటి, మొలిచిన మొక్కకు అక్కడికక్కడే అంటు కట్టించే పద్ధతి ఉంది. కాపు కొంత ఆలస్యమవుతుంది, కానీ తల్లివేరు తెగకుండా నేరుగా దిగుతుంది. గాలి నేలల్లో ఆ ఆలస్యం నష్టం కాదని నా అభిప్రాయం.

గోతులు జీడిమామిడికి 60 సెంటీమీటర్లు, మామిడికి, కొబ్బరికి మీటరు లోతు, వెడల్పు సరిపోతాయి. వాటిని ఎప్పుడు నింపామన్నది ఎక్కువ ముఖ్యం. ఉదయం నింపి సాయంత్రం నాటితే మొదటి పెద్ద వానకు మట్టి అణిగి, మొక్క వదులుగా నిలబడుతుంది. పైమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి రెండు వారాల ముందే నింపి, ఒక వాన పడనిచ్చి, కుంగిన మేర మళ్లీ మట్టి వేసి, అప్పుడు నాటండి.

లేత మొక్కను చంపేది ఒక్కసారి వచ్చే పెద్ద గాలి కాదు, రోజంతా ఊపే మామూలు గాలి. గాలి వీచిన మర్నాడు మొదలు దగ్గర కూర్చుని చూస్తే కాండం చుట్టూ మట్టిలో చిన్న గరాటులాంటి ఖాళీ కనిపిస్తుంది. ఊగినప్పుడల్లా కొత్తగా వేసిన సన్నవేళ్లు తెగుతాయి, వాన నీరు ఆ ఖాళీలో నిలిచి బెరడు కుళ్లుతుంది. మడమతో తొక్కి దాన్ని వెంటనే పూడ్చాలి. ఊతకర్రలు రెండు, మొక్కకు చెరోవైపు, వేరుముద్దకు తగలకుండా పాతండి. ఒక్క కర్ర చాలదు: తుపాను కన్ను మనమీదుగా వెళ్తే, మొదట ఒకవైపు నుంచి కొట్టిన గాలి కాసేపు ఆగి ఎదురువైపు నుంచి తిరగబడుతుంది. కట్టు మొక్క ఎత్తులో మూడోవంతు దగ్గరే, పాత చీర పేలికతోనో కొబ్బరి పీచు తాడుతోనో, ఎనిమిది అంకెలా వదులుగా వేయాలి. ఇనుప తీగ, నైలాన్ తాడు బెరడును కోస్తాయి. పైన బిగించి కడితే కాండం లావెక్కదు. ఏడాది దాటాక ఊత తీసేయాలి.

గాలికి అడ్డంగా గోడ కడితే సరిపోతుందనుకుంటారు. గాలి గోడ మీదుగా ఎగిరి, అవతల సుడులు తిరిగి మొక్కలపైనే పడుతుంది. సగం గాలిని వదిలే అడ్డు కావాలి. ఇసుక నేలకు సరుగుడుకు మించింది లేదు. వీలైతే పండ్ల మొక్కలకు ఏడాదో రెండేళ్లో ముందే గాలివైపు రెండు మూడు వరుసలు, ఒకదాని సందులో ఒకటి వచ్చేలా వేయండి. అడ్డు ఎత్తుకు సుమారు పదింతల దూరం వరకు ఆసరా ఉంటుంది. పండ్ల మొక్కను మాత్రం దానికి దూరంగా ఉంచి, మధ్యలో కందకం తీయాలి, లేకపోతే నీరూ ఎరువూ సరుగుడే తాగేస్తుంది. సరుగుడు ఎదిగేదాకా ప్రతి పండ్ల మొక్కకూ గాలివైపు అల్లిన కొబ్బరి మట్టల తడిక చాలు. సిమెంటు సంచులు తొడగకండి, అవి తెరచాపలా గాలి పట్టి మొక్కనే లాగేస్తాయి.

సెప్టెంబరులో యూరియా ఆపండి. అప్పుడొచ్చే లేత చిగురంతా గాలి పాలే. తుపాను హెచ్చరిక రాగానే నీరు పెట్టడం మానేసి, పాదుల్లో నీరు నిలవకుండా కాలువ తీసి, ఒరిగిన ఊతలు సరిచేసి, తడికలు పీకి లోపల పెట్టండి. ఎగిరిన తడిక పక్కవాళ్ల మొక్కల్నీ కొట్టేస్తుంది.

గాలి వెలిశాక మొదటి పని ఆకుల మీద ఉప్పును మంచినీటితో కడగడం, నిలిచిన నీరు తీయడం. ఒరిగిన మొక్కను నేల తడిగా ఉన్న రెండు మూడు రోజుల్లోనే ఎత్తాలి. వేళ్లు పైకి లేచిన వైపు మట్టి తవ్వి, వాటికి చోటు చేసి, మెల్లగా నిలబెట్టి తొక్కాలి. చీలిన కొమ్మను నున్నగా కోసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. కొబ్బరి మొక్క మొవ్వాకును, అంటే నడిమధ్య నిలువుగా ఉండే లేత ఆకును, మెల్లగా లాగి చూడండి: ఊడి చేతికి వస్తే మొవ్వు కుళ్లినట్టే, దాని చోట మరొకటి పెట్టుకోవాలి. మామిడి అంటుకు పైన విరిగితే చిగురు కోసం ఆగండి. అంటుకు కింద విరిగితే వచ్చేది నాటు చిగురే, అయినా పీకి పారేయనక్కర్లేదు. పెన్సిలంత లావు వచ్చాక అక్కడే మళ్లీ అంటు కట్టించవచ్చు.