తట్టి చూడకుండా గ్రైండింగ్ వీల్ బిగించకండి

పని నేర్చుకుంటున్న రెండో ఏడాదిలో ఒక కొత్త గ్రైండింగ్ వీల్, అంటే లోహాన్ని అరగదీసే రాయి చక్రం, నా చేతిలోంచి జారి నేల మీద పడింది. నడుము ఎత్తు నుంచి పడింది, అంతే. తీసి అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా గీత లేదు, అంచు ఊడలేదు. ఎవరికీ చెప్పకుండా బిగించేద్దాం అనుకున్నాను. నాకు పని నేర్పే అన్న అది చూశాడు. వీల్‌ని వేలికి తగిలించుకుని స్క్రూడ్రైవర్ చెక్కపిడితో చిన్నగా తట్టాడు. చప్పుడు మొద్దుగా వచ్చింది. పక్కనున్న ఇంకో వీల్‌ని తట్టాడు. అది ఖంగుమంది. "లోపలి పగులు కంటికి కనపడలేదు కదా తమ్ముడూ, ఇప్పుడు చెవికి తెలిసిందా?" అన్నాడు. వెంటనే సుత్తి తీసి, పడిపోయిన వీల్‌ని ముక్కలు చేశాడు. ఇంకెవరూ పొరపాటున దాన్ని వాడకూడదని.

టూల్ రూమ్‌లో ఇరవై ఏళ్లు దాటాక కూడా తట్టి చూడకుండా నేను ఏ వీల్‌నీ బిగించలేదు. 200 మి.మీ. వీల్ నిమిషానికి 2,850 చుట్లు తిరుగుతుంటే దాని అంచు వేగం సెకనుకు దాదాపు 30 మీటర్లు. అంటే గంటకు 107 కిలోమీటర్లు. వీల్ పగిలితే ముక్క ఆ వేగంతోనే వస్తుంది.

తట్టే ముందు వీల్ పొడిగా ఉండాలి, దుమ్ము తుడవాలి. తడి వీల్ బాగున్నా సరిగా మోగదు. చిన్న వీల్‌ని వేలికి గానీ సన్నటి కడ్డీకి గానీ తగిలించండి, పెద్దదాన్ని గట్టి నేల మీద నిలబెట్టండి. చిన్నవాటికి స్క్రూడ్రైవర్ పిడి చాలు, బరువైనవాటికి చెక్కసుత్తి కావాలి. ఇనుముతో మాత్రం కొట్టకండి. నిలువు మధ్యగీతకు రెండు వైపులా 45 డిగ్రీల దగ్గర, అంచుకు 25 నుంచి 50 మి.మీ. లోపల తట్టాలి. తర్వాత వీల్‌ని 45 డిగ్రీలు తిప్పి మళ్లీ తట్టాలి. మట్టిలా కాల్చి చేసిన విట్రిఫైడ్ వీల్ స్పష్టంగా మోగుతుంది. రెసిన్‌తో చేసినవి సహజంగానే కాస్త మొద్దుగా పలుకుతాయి కాబట్టి, అదే రకం మంచి వీల్‌తో పోల్చి వినండి.

ఇక బిగించడం. వీల్ మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మెషీన్ ఆర్‌పీఎం కన్నా ఎక్కువ ఉండాలి. తక్కువుంటే ఆ వీల్ ఆ మెషీన్‌కి పనికిరాదు. వీల్ దాన్ని తిప్పే ఇరుసు, అంటే స్పిండిల్ మీదకి తేలిగ్గా జారాలి. సుత్తితో దించినా, రంధ్రాన్ని గీకి పెద్దది చేసినా పగులు అక్కడే మొదలవుతుంది. రెండు వైపులా ఉండే కాగితం వాషర్లు పేరు రాయడానికి అతికించినవి మాత్రమే కావు. వీల్‌ని రెండు వైపుల నుంచీ పట్టి ఉంచే లోహపు బిళ్లల (ఫ్లాంజ్‌ల) ఒత్తిడి ఒకే చోట పడకుండా పరిచేది అవే, పీకేయకండి. రెండు ఫ్లాంజ్‌లూ ఒకే సైజులో, వీల్ వ్యాసంలో కనీసం మూడో వంతు ఉండాలి. వీల్ జారకుండా ఉండేంత వరకే నట్ బిగించాలి. బెంచ్ గ్రైండర్‌కి ఎడమ వైపు నట్ ఎడమ మర ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని విప్పుతున్నాం అనుకుని ఇంకా బిగిస్తారు.

రుద్దే వస్తువుని ఆనించే టూల్ రెస్ట్‌కీ వీల్‌కీ మధ్య సందు 3 మి.మీ. దాటకూడదు. పైన గార్డ్ (వీల్‌ని కప్పే తొడుగు) దగ్గరి పలకకు 6 మి.మీ. వరకు పరవాలేదు. సందు ఎక్కువైతే చిన్న జాబ్ (మనం రుద్దే వస్తువు) అందులోకి జారి ఇరుక్కుంటుంది, వీల్ బద్దలవుతుంది, కొన్నిసార్లు వేలు కూడా దాంతోపాటే లోపలికి పోతుంది. వీల్ అరిగేకొద్దీ ఈ సందు దానంతటదే పెరుగుతుంది. నేను 3 మి.మీ. డ్రిల్ బిట్ ఒకటి గ్రైండర్ దగ్గరే పెట్టుకున్నాను. మెషీన్ పూర్తిగా ఆగాక ఆ బిట్ కాడను సందులో పెట్టి చూస్తాను. అది వదులుగా ఆడితే రెస్ట్ జరపాల్సిందే.

కొత్త వీల్ ఎక్కించాక గార్డ్ బిగించి, స్విచ్ వేసి, పక్కకు తప్పుకుని ఒక నిమిషం తిరగనివ్వండి. కళ్లద్దాలు తప్పనిసరి. వదులు గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, జాబ్‌ని గుడ్డతో పట్టుకోవడం, ఈ మూడూ బెంచ్ గ్రైండర్ దగ్గర వద్దే వద్దు.

వీల్ మీద 'ఏ 60 కే 5 వీ' లాంటి గుర్తు ఉంటుంది. ఏ అంటే అల్యూమినియం ఆక్సైడ్, ఉక్కుకి వాడేది. సీ అయితే సిలికాన్ కార్బైడ్, పోత ఇనుముకీ ఇత్తడికీ. 60 అనేది రేణువు సైజు. కే అనేది రేణువుల్ని పట్టుకునే బంధం ఎంత గట్టిదో చెబుతుంది: ఈ స్థానంలో ఏ ఉంటే అన్నిటికన్నా మెత్తన, జెడ్ ఉంటే అన్నిటికన్నా గట్టి. 5 అనేది రేణువుల మధ్య ఎడం, వీ విట్రిఫైడ్. ఇందులో చాలామంది తికమకపడేది గట్టిదనం దగ్గరే. గట్టి ఉక్కుకి మెత్తటి వీల్ కావాలి. గట్టి లోహం రేణువుల్ని త్వరగా మొద్దుబారుస్తుంది, బంధం మెత్తగా ఉంటేనే ఆ మొద్దు రేణువులు రాలి కింద నుంచి పదునైనవి బయటికి వస్తాయి.

వాడేటప్పుడు జాబ్‌ని నొక్కకండి. వీల్ ముఖం (జాబ్ తగిలే అంచు) మొత్తం మీద అటూ ఇటూ జరుపుతూ ఉండండి, లేకపోతే గాడి పడుతుంది. మామూలు వీల్‌కి పక్క భాగం మీద రుద్దకండి, ఆ ఒత్తిడిని తట్టుకునేలా దాన్ని చేయలేదు. కార్బన్ స్టీల్ ఉలి అంచు నీలంగా మారిందంటే వేడి 300 డిగ్రీల దాకా వెళ్లింది, అక్కడ పదును నిలవదు. నీళ్ల గిన్నె పక్కనే పెట్టుకుని తరచూ ముంచండి. హై స్పీడ్ స్టీల్ టూల్ బిట్ ఆ వేడిని తట్టుకుంటుంది. కానీ బాగా కాలిపోతున్నప్పుడు నీళ్లలో వేస్తే అంచున సన్నటి పగుళ్లు వస్తాయి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని, డ్రెస్సింగ్. అంటే వీల్ ముఖాన్ని పలచగా చెక్కి కింది పదునైన రేణువుల్ని బయటికి తేవడం. వీల్ కోయడం మానేస్తే మనుషులు ఇంకా గట్టిగా నొక్కుతారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే రెండు నిమిషాల డ్రెస్సింగ్‌తో ఆ వీల్ మళ్లీ కొత్తదిలా కోస్తుంది. ముందు వీల్ ముఖాన్ని చూడండి. అద్దంలా నున్నగా మెరుస్తుంటే రేణువులు మొద్దుబారాయి. నిప్పురవ్వలు తగ్గుతాయి, కీచుమని చప్పుడు వస్తుంది, జాబ్ మీద కాలిన మచ్చలు పడతాయి. ఇది మళ్లీ మళ్లీ జరుగుతుంటే ఆ పనికి మీ వీల్ మరీ గట్టిది. అలా కాకుండా రేణువుల మధ్య లోహం మెరుస్తూ కనిపిస్తే సందులు మూసుకుపోయాయి, మెత్తటి లోహం ఏదో దాని మీద రుద్దారు.

బెంచ్ గ్రైండర్‌కి నక్షత్రం ఆకారపు చక్రాలున్న డ్రెస్సర్ బాగుంటుంది. మెషీన్ ఆపి రెస్ట్‌ని కొంచెం వెనక్కి జరిపి, డ్రెస్సర్ కొక్కేలు రెస్ట్ ముందు అంచుకి తగిలేలా పెట్టండి. మెషీన్ పూర్తి వేగం అందుకున్నాక డ్రెస్సర్‌ని ఆనించి, ఒకే వేగంతో అటూ ఇటూ లాగండి. భయపడి మరీ తేలిగ్గా పట్టుకుంటే చక్రాలు సరిగా తిరగక రవ్వలు లేచి అవే అరిగిపోతాయి. దుమ్ము విపరీతంగా వస్తుంది కాబట్టి మాస్క్ పెట్టుకోండి. అయ్యాక వీల్ చిన్నదవుతుంది, రెస్ట్‌ని మళ్లీ దగ్గరికి జరపడం మరిచిపోవద్దు.

చదునైన ముఖాల్ని నున్నగా చేసే సర్ఫేస్ గ్రైండర్‌కి డైమండ్ మొన ఉన్న డ్రెస్సర్ వాడతాం. దాన్ని వీల్ తిరిగే వైపుకి 10 నుంచి 15 డిగ్రీలు వాల్చి, ముఖం మీద జరిపే ఒక్కో పాస్‌కి 0.02 మి.మీ. లోతు చాలు. కూలెంట్ (చల్లబరిచే ద్రవం) వాడితే మొదటి నుంచీ ఆపకుండా పోయాలి, మధ్యలో పోస్తే వేడెక్కిన డైమండ్ పగులుతుంది. త్వరగా జరిపితే వీల్ ముఖం గరుకుగా తెరుచుకుని బాగా కోస్తుంది, నెమ్మదిగా జరిపితే ఫినిష్ నున్నగా వస్తుంది గానీ వీల్ తొందరగా మొద్దుబారుతుంది. పని ముగించేటప్పుడు ముందు కూలెంట్ ఆపి, వీల్‌ని కొన్ని నిమిషాలు ఖాళీగా తిప్పండి. లేకపోతే నీరంతా కింది భాగంలో చేరి, మర్నాడు స్విచ్ వేయగానే వీల్ ఊగుతుంది.

అల్యూమినియంని ఉక్కు రుద్దే గ్రైండర్ మీద పెట్టకండి. వీల్ మూసుకుపోవడం ఒక్కటే కాదు సమస్య. ఆ పొడి తుప్పుపొడితో కలిసి, మీద నిప్పురవ్వ పడితే నీళ్లతో ఆరని మంట లేస్తుంది.

చేతి గ్రైండర్ సంగతి ఒక్కటి చెప్పాలి. 100 మి.మీ. డిస్క్ మీద 15,300 ఆర్‌పీఎం అని ఉంటుంది, 180 మి.మీ. డిస్క్ మీద 8,500. చిన్న గ్రైండర్ 11,000 దాకా తిరుగుతుంది. గార్డ్ పీకి పెద్ద డిస్క్ తగిలిస్తే అది తట్టుకోలేని వేగంలో తిప్పుతున్నట్టే. దయచేసి ఎవరు చెప్పినా ఆ పని చేయకండి.

వీల్స్‌ని పొడి చోట, పెద్దవాటిని అంచు మీద నిలబెట్టి, సన్నటి డిస్క్‌లను చదునైన పలక మీద పడుకోబెట్టి దాచండి. రెసిన్ డిస్క్‌లకు గడువు ఉంటుంది, సాధారణంగా తయారైన నాటి నుంచి మూడేళ్లు. మధ్యలోని లోహపు రింగ్ మీద ఆ గడువు నెల, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. పాతవి పైన పెట్టి ముందు వాటినే వాడండి, గడువు దాటినవి విరిచి పారేయండి.