జెండర్, రేసిజం, శాంతి మీద సెమినార్ డిస్కషన్ నడపాలా? గొడవ అవ్వకుండా, అలాగని చప్పగా కూడా కాకుండా

ఈ టాపిక్ మీద డిస్కషన్ రెండు రకాలుగా పాడవుతుంది. ఒకటి, అరగంట తిరక్కుండానే ఎవరో లేచి "అంటే నేను రేసిస్టునా?" అంటారు. రెండోది ఇంకా ఘోరం, అందరూ సమానత్వం చాలా ముఖ్యమండీ అని తలూపేసి టైం అవగానే బ్యాగులు సర్దుకుంటారు. నేను మొదటిసారి నడిపినప్పుడు రెండూ ఒకే గంటలో చూశా. తప్పు నాదే, బోర్డు మీద "ఈ అసమానతకి కారణం ఎవరు?" అని రాశా, ఆ "ఎవరు" అన్న ఒక్క మాటే కొంప ముంచింది. అప్పట్నుంచి "ఏ రూల్ వల్ల?" అనే రాస్తున్నా.

ముందు మాటల సంగతి తేల్చుకోండి. స్ట్రక్చరల్ (అంటే ఏ ఒక్క మనిషో కాదు, రూల్స్, పద్ధతుల వల్లే జరిగేది) అన్నదానికి చాలామంది "నిర్మాణాత్మక" అని రాసేస్తారు. కానీ మనం నిర్మాణాత్మక సలహా అంటే మంచి సలహా అనుకుంటాం కదా, ఇక నిర్మాణాత్మక హింస అంటే ఏదో మేలు చేసే హింసలా వినిపిస్తుంది, నవ్వొస్తుంది. "వ్యవస్థాగత" అనండి, లేదా స్ట్రక్చరల్ అనే ఉంచేయండి.

తర్వాత థియరీతో మొదలెట్టొద్దు, ఒక కేసుతో మొదలెట్టండి. నేను వాడేది అమెరికాలో 1976లో తీర్పొచ్చిన డీగ్రాఫెన్రీడ్ కేసు. ఐదుగురు నల్లజాతి మహిళలు జనరల్ మోటార్స్ అనే కార్ల కంపెనీ మీద కోర్టుకెళ్ళారు. అక్కడ 1964కి ముందు నల్లజాతి ఆడవాళ్ళని పనిలోకి తీసుకోలేదు. తర్వాత మాంద్యం వచ్చి సీనియారిటీ ప్రకారం ఉద్యోగాలు తీసేశారు, చివర చేరినవాళ్ళు ముందు బయటికి. 1970 తర్వాత చేరిన నల్లజాతి మహిళలందరి ఉద్యోగాలూ పోయాయి.

ఇక్కడ ఆగండి, తొందరపడొద్దు. బోర్డు మీద ఒక గీత గీసి 1964 దగ్గర చుక్క పెట్టి "సీనియారిటీ రూల్లో రంగు గురించి ఒక్క మాటైనా ఉందా?" అని అడగండి. లేదంటారు. "ఆడా మగా అని ఉందా?" అదీ లేదు. మరి దెబ్బ ఎవరికి తగిలింది? అప్పుడు గదిలో ఒక నిశ్శబ్దం వస్తుంది, దాన్ని మీరు నింపకండి. ఎవరో ఒకరు వాళ్ళంతట వాళ్ళే అంటారు, పాత వివక్ష ఆగిపోయినా దాని లెక్క కొత్త రూల్లోకి వచ్చి కూర్చుందని. అది వాళ్ళ నోటి నుంచే రావాలి, మీరు చెప్తే లెక్చర్ అయిపోతుంది.

కోర్టు ఏమందో తర్వాత చెప్పండి. కంపెనీ ఆడవాళ్ళని తీసుకుంది కదా అంది (వాళ్ళు తెల్లవాళ్ళు), జాతి వివక్ష అయితే దాన్ని విడిగా తేల్చుకోమంది, రెండూ కలిపి అడగడానికి కుదరదంది. అమెరికా న్యాయశాస్త్ర ప్రొఫెసర్ కింబర్లీ క్రెన్షా 1989లో ఇంటర్‌సెక్షనాలిటీ (జాతి, జెండర్ లాంటి వివక్షలు ఒకే మనిషి మీద కలిసి పడటం) అనే మాట తెచ్చిన వ్యాసంలో ఈ కేసు ఉంది, నాలుగు రోడ్ల కూడలిలో నిలబడ్డ మనిషికి ఏ వైపు బండి అయినా తగలొచ్చు అనే పోలిక కూడా అందులోదే. కేసు చూశాక ఆ మాట చెప్తే ఎవరూ మర్చిపోరు, ముందే చెప్తే నోట్స్‌లో రాసుకుని వదిలేస్తారు.

డేటా కావాలని పట్టుబట్టేవాళ్ళు ఉంటారు, ఉండాలి కూడా. 2004లో అచ్చయిన స్టడీ ఒకటుంది, బెర్ట్రండ్, ముల్లైనాథన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు బోస్టన్, షికాగోల్లో ఒకేలాంటి రెజ్యూమేలకి పేర్లు మాత్రం మార్చి పంపితే, తెల్లవాళ్ళ పేర్లనిపించేవాటికి 50 శాతం ఎక్కువ పిలుపులొచ్చాయి. కాకపోతే ఒక జాగ్రత్త, ఇది రెజ్యూమే చూసేవాళ్ళ పక్షపాతాన్ని చూపిస్తుంది గానీ సీనియారిటీ రూల్ లాంటిదాన్ని కాదు. ఈ రెండూ కలిపేస్తే డిస్కషన్ మళ్ళీ "ఎవరు చెడ్డవాళ్ళు" దగ్గరికే వస్తుంది.

ఇక శాంతి. ఇది వేరే టాపిక్ కదా అని ఎవరో అంటారు, అనకపోతే మీరే అనండి. నార్వే శాంతి పరిశోధకుడు యొహాన్ గాల్టుంగ్ 1969 వ్యాసంలో క్షయ గురించి ఒక ఉదాహరణ ఉంది. 18వ శతాబ్దంలో క్షయతో ఎవరైనా చనిపోతే దాన్ని హింస అనడం కష్టం, అప్పుడు ఆపే దారి లేదు. మందు ఉండి కూడా ఈ రోజు చనిపోతే? కొట్టినవాడు లేడు, అయినా హింసే అంటాడాయన, మనం ముందు చెప్పుకున్న వ్యవస్థాగత హింస ఇదే. యుద్ధం ఆగడం ఒకటి, ఈ రెండో రకం హింస పోవడం ఇంకొకటి. మొదటిది నెగటివ్ శాంతి, రెండోది పాజిటివ్ శాంతి. ఇప్పుడు సీనియారిటీ కేసుకి మళ్ళీ వెళ్ళి "ఆ ఫ్యాక్టరీలో శాంతి ఉందా?" అని అడగండి, గంట చాలదు.

చర్చల టేబుల్ దగ్గర ఎవరు కూర్చుంటారన్నది కూడా అడగండి. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1325 తీర్మానం 2000 అక్టోబర్ 31న వచ్చింది, శాంతి చర్చల్లో ఆడవాళ్ళుండాలని. దానికి ముందే ఉత్తర ఐర్లాండ్‌లో 1996లో ఆడవాళ్ళు ఉమెన్స్ కోలిషన్ అని పార్టీ పెట్టుకుని ఎన్నికల్లో నిలబడి చర్చల్లోకి వెళ్ళారు, అక్కడి 1998 శాంతి ఒప్పందంలో హింస బాధితుల ప్రస్తావన కోసం పట్టుబట్టినవాళ్ళలో వాళ్ళున్నారు. ఇక్కడ ఎవరో "ఆడవాళ్ళు సహజంగానే శాంతమూర్తులు కదా" అంటారు, పొగడ్తలా ఉంటుంది గానీ ఒప్పుకోవద్దు. వాళ్ళు టేబుల్ దగ్గర ఉండాల్సింది స్వభావం మంచిదని కాదు, ఆ ఒప్పందం కింద బతకాల్సినవాళ్ళలో సగం మంది వాళ్ళే కాబట్టి.

నడిపే పద్ధతి పెద్దగా ఏం లేదు. ప్రతి ప్రశ్నకీ ముందు రెండు నిమిషాలు అందర్నీ కాగితం మీద రాయమనండి, లేకపోతే గట్టిగా మాట్లాడే ముగ్గురే గంటంతా తినేస్తారు. గదిలో ఉన్న ఒక్క మనిషిని పట్టుకుని "మీ వాళ్ళు దీని గురించి ఏమనుకుంటారు?" అని ఎప్పుడూ అడగొద్దు, ఆ మనిషి చదువుకోడానికి వచ్చారు, తన జాతి మొత్తానికి వకాల్తా పుచ్చుకుని రాలేదు. "అదంతా పాతకాలం కదా" అని ఎవరన్నా అంటే కసురుకోకండి, మంచి ప్రశ్నే అది. బోర్డు మీద ఆ 1964 చుక్క చెరిపేయకుండా ఉంచి ఉంటే, లేచి వచ్చి దాని పక్కన గీత పొడిగించమని చాక్‌పీస్ వాళ్ళకే ఇవ్వండి.