ఏసీ గది దాటగానే లెన్స్‌కి ఆవిరి పట్టకుండా

పెళ్లికూతురి ఏసీ గదిలో గంటసేపు ఫొటోలు తీసి మండపంలోకి రాగానే లెన్స్ మీద పాలపొరలా ఆవిరి. నెల్లూరు, కావలి, ఒంగోలు ఉక్కపోతలో ఇది రోజూ ఉండే గోలే. గాజు చల్లగా ఉన్నంతసేపూ ఎంత తుడిచినా మళ్లీ పడుతుంది, పైగా గీతలు.

గదిలో ఉండగానే కెమెరాని లెన్స్‌తో సహా పెద్ద జిప్ కవర్లో పెట్టి, గాలి పిండేసి మూసేయండి. మెమరీ కార్డు ముందే తీసుకుంటే ఈలోపు కాపీ అయిపోతుంది. బయటికి తెచ్చి 20 నుంచి 30 నిమిషాలు అలాగే ఉంచండి. చెమ్మంతా కవర్ పైనే పడుతుంది. కవర్ మీద నుంచి లెన్స్ పట్టుకుంటే చల్లదనం తెలియకూడదు, అప్పుడే తెరవండి. 70-200 ఎం.ఎం. జూమ్ లాంటి బరువు లెన్స్‌కి ఇంకో పది నిమిషాలు. చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసినా లెన్స్ వేడెక్కదు, వాటిని నమ్ముకోవద్దు.

తెల్లవారుజామున మైపాడు, కొత్తపట్నం బీచ్ షూట్ అయితే బ్యాగుని కారు ఏసీలో కాక డిక్కీలో పెట్టండి. దారిలోనే సర్దుకుంటుంది. మధ్యాహ్నం ఎండలో మాత్రం డిక్కీ వద్దు.

పెళ్లికూతురితో పాటే గదిలోంచి మండపానికి పరుగెత్తాలంటే ఈ పద్ధతి పనిచేయదు. జీలకర్ర బెల్లం అరగంట ఆగదు కదా! అందుకే రెండో కెమెరాని లెన్స్‌తో సహా మొదటినుంచీ మండపంలోనే, మన మనిషి దగ్గర ఉంచాలి. ఆవిరి పట్టిన కెమెరాకి అక్కడ లెన్స్ మాత్రం మార్చకండి, లోపల బొమ్మని పట్టే సెన్సార్ మీదా చెమ్మ చేరుతుంది.