మన పార్టీ మనిషిని మనమే నిలదీయడం – 3వ పాఠం: అటకెక్కిన బిల్లులు

రెండో పాఠంలో మీ ప్రతినిధి ఏ బిల్లుకు ఎటు ఓటేశాడో రోల్ కాల్ పట్టికల్లో వెతకడం నేర్చుకున్నాం. చేసి చూసినవాళ్లకు ఈపాటికి ఒక విచిత్రం కనిపించి ఉంటుంది. పట్టిక చూస్తే మనవాడు బంగారం. వచ్చిన ప్రతి మంచి బిల్లుకూ అవును అనే ఉన్నాడు. మరి అద్దెల బిల్లు ఎందుకు కాలేదు, ఓటింగ్ సంస్కరణలు ఎందుకు కాలేదు, ఇదంతా అవతలి పార్టీ పాపమేనా?

అన్నిసార్లూ అవతలి పార్టీదే కాదు. చాలాసార్లు గుట్టంతా, వేయాల్సిన అవసరమే రాకుండా చూసుకున్న ఓట్లలో ఉంటుంది. అలాంటి ఓటు ఏ పట్టికలోకీ ఎక్కదు కదా, మరి దాన్ని పట్టుకోవడమెలా? ఈ పాఠం దాని గురించే. ఉదాహరణ న్యూయార్క్ రాష్ట్రం నుంచి తీసుకుంటున్నాను, ఎందుకంటే ఇంత శుభ్రంగా అర్థమయ్యే కేసు నాకు ఇంకోటి తగల్లేదు.

ముందు ఒక్క ముక్క, కొత్తగా చేరినవాళ్ల కోసం. మన దగ్గర టికెట్ ఎవరికన్నది అధిష్ఠానం తేలుస్తుంది. బి-ఫారం చేతికొచ్చేదాకా టెన్షన్, వచ్చాక ఊరేగింపు, మధ్యలో కార్యకర్త జెండా మోస్తాడు. అమెరికాలో ఆ బి-ఫారం ఇచ్చేది ప్రైమరీలో ఓటేసే మామూలు జనం. సిటింగ్ సభ్యుడికి కూడా రెండేళ్లకో నాలుగేళ్లకో ఆ గండం తప్పదు. 2020 జూన్‌లో బ్రాంక్స్‌లో ఒక కార్యక్రమంలో ఎలియట్ ఎంగెల్ అనే సీనియర్ కాంగ్రెస్ సభ్యుడు తనకూ మైకు ఇవ్వమని అడుగుతూ, "నాకు ప్రైమరీ లేకపోతే పట్టించుకునేవాణ్ణి కాదు" అన్నాడు. మైకు ఆన్‌లో ఉంది. 1989 నుంచి సభలో ఉన్న మనిషి, విదేశీ వ్యవహారాల కమిటీ ఛైర్మన్. అదే నెలలో జమాల్ బోమన్ అనే స్కూల్ ప్రిన్సిపాల్ చేతిలో ఓడిపోయాడు.

ఇక అసలు కథ. న్యూయార్క్ రాష్ట్ర సెనేట్‌లో 63 సీట్లు. 2011లో జెఫ్ క్లైన్ అనే సెనేటర్ నాయకత్వంలో నలుగురు డెమోక్రాట్లు తమ పార్టీ సభాపక్షం నుంచి విడిగా కూర్చుని 'ఇండిపెండెంట్ డెమోక్రాటిక్ కాన్ఫరెన్స్' అని పేరు పెట్టుకున్నారు. 2012 ఎన్నికల్లో డెమోక్రాట్లు సగానికి పైగా సీట్లు గెలిచారు. అయినా ఈ గుంపు రిపబ్లికన్లతో చేతులు కలిపి సభను పంచుకుంది. కమిటీ పదవులొచ్చాయి, వాటితో పాటు వచ్చేవీ వచ్చాయి. మెల్లగా గుంపు ఎనిమిది మందికి పెరిగింది.

మనకు ఫిరాయింపులు కొత్త కాదు. ప్రెస్‌మీట్ పెట్టి, కండువా మార్చి, 'నియోజకవర్గ అభివృద్ధి కోసమే' అనే పాత పాట పాడి వెళ్తారు. కనీసం ఊళ్లో అందరికీ తెలుస్తుంది. వీళ్లు కండువా మార్చకుండానే గోడ దూకారు. ఎన్నికలప్పుడు బ్యాలెట్ మీద డెమోక్రాట్, రాష్ట్ర రాజధాని ఆల్బనీకి వెళ్లాక రిపబ్లికన్లతో పొత్తు. అక్కడ మన పదో షెడ్యూల్ లాంటి చట్టం లేదు, విప్ ధిక్కరిస్తే సీటు పోయే భయమూ లేదు. మన చట్టం కూడా ఏపాటి పనిచేస్తోందో మీకు తెలుసు కాబట్టి ఆ విషయం వదిలేద్దాం.

ఇప్పుడు వీళ్ల ఓటు రికార్డు తీయండి. పెద్దగా వంక పెట్టడానికేమీ ఉండదు. ఎందుకంటే సభలో ఏ బిల్లు ఓటింగ్‌కు రావాలో, ఏది రాకూడదో తేల్చేది నాయకత్వం. ఆ నాయకత్వాన్ని రిపబ్లికన్ల చేతుల్లో ఉంచడంలో వీళ్ల చెయ్యి ఉంది. ఆ తర్వాత ఇబ్బందిపెట్టే బిల్లు గడప దాటి లోపలికే రాదు. ఎవరూ కాదు అనక్కర్లేదు, ఎవరి చేతులకూ మసి అంటదు.

చైల్డ్ విక్టిమ్స్ యాక్ట్ సంగతే చూడండి. చిన్నప్పుడు లైంగిక హింసకు గురైనవాళ్లు పెద్దయ్యాక కోర్టుకెళ్లాలంటే అప్పటి చట్టం ప్రకారం 23 ఏళ్లు దాటితే సివిల్ దావాకు దాదాపు దారి మూసుకుపోయేది. ఆ గడువును 55 ఏళ్లకు పెంచే బిల్లు అది. దిగువ సభ పలుమార్లు పాస్ చేసింది. సెనేట్‌లో ఏళ్ల తరబడి అటక మీదే ఉంది. 2018 చివర్లో సభ చేతులు మారింది. 2019 జనవరిలో బిల్లును ఓటింగ్‌కు పెట్టారు. ఫలితం 63–0. రిపబ్లికన్లతో సహా ఒక్కరంటే ఒక్కరు కాదు అనలేదు! ఓటింగ్‌కు వస్తే అడ్డుచెప్పే ధైర్యం ఎవరికీ లేని బిల్లును, ఓటింగ్‌కే రాకుండా అన్నేళ్లు ఆపారన్నమాట. ఈ లెక్క ఒక్కటి బుర్రకెక్కితే ఈ పాఠంలో సగం అయిపోయినట్టే.

సరే, మీ దగ్గర అటకెక్కిన బిల్లును ఎలా దించాలి? ముందు మీకు నిజంగా పట్టిన విషయం ఒకటి తీసుకోండి, ఒకటే. రాష్ట్ర సభ వెబ్‌సైట్లో ఆ బిల్లు పేజీ తెరవండి. న్యూయార్క్ సెనేట్ సైట్లో అయితే బిల్లు ఏ మెట్టు దగ్గర ఆగిందో బొమ్మలా చూపిస్తుంది: ప్రవేశపెట్టారు, కమిటీకి వెళ్లింది, సభ క్యాలెండర్‌కు ఎక్కింది, అలా. అదే పేజీలో ఇదే బిల్లు గత సమావేశాల్లో ఏ నంబరుతో వచ్చిందో ఉంటుంది, దిగువ సభలో దాని జోడీ బిల్లు లింకు కూడా ఉంటుంది. రెండూ నొక్కి చూడండి. నాలుగు సమావేశాలుగా అదే కమిటీలో అదే మెట్టు మీద కూర్చుని ఉందీ, అవతలి సభలో మాత్రం ఎప్పుడో పాసైందీ అంటే మీకు పని దొరికినట్టే. ఆ కమిటీ ఛైర్మన్ ఎవరు, సభా నాయకుడు ఎవరు, వాళ్లను ఆ కుర్చీలో కూర్చోబెట్టడానికి మీ సభ్యుడు ఎటు ఓటేశాడు అన్నది తర్వాత చూడాల్సింది. సమావేశాల మొదటి రోజు జరిగే ఆ ఒక్క ఓటు మిగతా ఏడాదంతటి కన్నా ఎక్కువ చెప్తుంది. దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు.

వాషింగ్టన్ కాంగ్రెస్‌కు ఇంకో గట్టి గీటురాయి ఉంది, డిశ్చార్జ్ పిటిషన్. కమిటీలో ఇరుక్కున్న బిల్లును సభ ముందుకు లాగాలంటే ప్రతినిధుల సభలో 218 మంది సంతకాలు కావాలి, ఎవరు చేశారన్న జాబితా బహిరంగం. బిల్లుకు సహ ప్రతిపాదకుడిగా పేరిచ్చి ఫొటో దిగినవాడు పిటిషన్ మీద సంతకం చేయకపోతే ఎందుకని అడగండి. సహ ప్రతిపాదకుడిగా పేరివ్వడం పెళ్లికి వచ్చి చదివింపుల కవరు ఇవ్వడం లాంటిది. పిటిషన్ మీద సంతకం పెట్టడమంటే పందిరి గుంజ పట్టుకోవడం.

తర్వాత అడగడం. ఇక్కడే ఎక్కువమంది బోల్తా కొడతారు. "సార్, మీరు బాధితుల పక్షమేనా?" అని అడిగితే ప్రపంచంలో ఏ నాయకుడైనా అవుననే అంటాడు, పైగా మీ చేయి పట్టుకుని మరీ అంటాడు. ప్రశ్న ఇలా ఉండాలి: "ఫలానా నంబరు బిల్లును ఈ సమావేశాల్లోనే ఓటింగ్‌కు పెట్టమని సభా నాయకత్వానికి మీ పేరుతో ఉత్తరం రాస్తారా, రాయరా?" బిల్లు నంబరు, గడువు, ఆయన చేతిలో ఉన్న పని, అవును కాదుల్లో జవాబు. ఈ నాలుగూ ఉంటే తప్పించుకోవడానికి సందు తక్కువ. ఆఫీసుకు ఫోన్ చేస్తే సహాయకులు "ఆ బిల్లును పరిశీలిస్తున్నారు" అంటారు, మన భాషలో 'సార్ దృష్టికి తీసుకెళ్తాం' అన్నమాట. కోపం వద్దు. తేదీ, సమయం, మాట్లాడినవారి హోదా, అన్న మాట అన్నట్టుగా రాసుకోండి. రెండు వారాల తర్వాత మళ్లీ చేయండి. మూడుసార్లు అదే జవాబు వస్తే అదే మీ సాక్ష్యం, వేయని ఓటు కాగితం మీదికి వచ్చినట్టు.

ఇప్పుడు దాన్ని గుమ్మాల దగ్గరికి మోసుకెళ్లాలి. నా సంగతి చెప్తాను. 2018 వేసవిలో క్వీన్స్‌లో ఒక అభ్యర్థి తరఫున ఇళ్లు తిరిగాను. అప్పటికి నాకు ఓటు లేదు, జీతం లేకుండా వాలంటీరుగా పనిచేయడానికి ఓటు అక్కర్లేదు కూడా. (హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక: వాలంటీరుగా తిరగొచ్చు గానీ చందా మాత్రం పైసా ఇవ్వకూడదు, ప్రచార నిర్ణయాల్లో వేలు పెట్టకూడదు. గ్రీన్‌కార్డు ఉంటే చందా ఇవ్వొచ్చు.) చేతిలో ఫోను, అందులో మినీవ్యాన్ అనే యాప్, అందులో వీధి వారీగా నమోదైన డెమోక్రాట్ల పేర్లు. మాట్లాడాక ఒకటి నుంచి ఐదు దాకా గుర్తు పెట్టాలి, ఒకటి అంటే మనవాళ్లు, ఐదు అంటే మళ్లీ ఆ గుమ్మం ఎక్కనక్కర్లేదు. మొదటి రోజు మూడో ఇంట్లో ఒక పెద్దావిడ తలుపు తీసింది. నేను 2011 నుంచి మొదలుపెట్టి పొత్తు, కమిటీలు, ఎవరు ఎటు వెళ్లారో, అంతా పూసగుచ్చినట్టు చెప్పుకుంటూ పోయాను. ఆవిడ మర్యాదస్తురాలు, వింటూనే ఉంది. లోపల పోపు మాడిన వాసన నాకే ముందొచ్చింది. ఆవిడ పరుగెత్తింది, తలుపు వేసుకుంది, నేను యాప్‌లో ఏ అంకె నొక్కాలో తెలియక మెట్ల మీద నిలబడ్డాను.

సాయంత్రం నాతో వచ్చిన సీనియర్ వాలంటీరు నవ్వి, రెండు వాక్యాలు చాలన్నాడు. "మీరు డెమోక్రాట్ అని ఓటేసిన సెనేటర్ ఏడాదికి పైగా రిపబ్లికన్లతో కలిసి కూర్చున్నాడు. ఈ సంగతి మీకు తెలుసా?" అంతే, ఆపేయాలి. ఆపడమే కష్టం, మనకు అలవాటు లేదు. మర్నాడు అలాగే చేశాను. చాలామంది తెలియదన్నారు. కొందరు నన్నే అనుమానంగా చూశారు, ఒకాయన లోపలికెళ్లి ఫోన్‌లో వెతికి చూసుకుని మళ్లీ వచ్చి తలుపు తీశాడు. జనానికి కోపం తెప్పించాల్సిన పని మనది కాదు. విషయం చెప్తే కోపం వాళ్లకే వస్తుంది.

2018 సెప్టెంబరు 13న ప్రైమరీ జరిగింది. గుంపు ఏప్రిల్‌లోనే రద్దయి మళ్లీ పార్టీ గూటికి చేరింది గానీ జనం మర్చిపోలేదు. ఎనిమిది మందిలో ఆరుగురు ఓడిపోయారు. ఎంతో ఎక్కువ డబ్బు ఖర్చుపెట్టిన జెఫ్ క్లైన్‌ను కూడా అలెస్సాండ్రా బియాజీ ఓడించింది. అదే రోజు అదే బ్యాలెట్ మీద గవర్నర్ కువోమో మాత్రం సింథియా నిక్సన్ మీద భారీ తేడాతో గెలిచాడు. అందుకే దీన్ని ఏదో గాలివాటం అని నేను ఒప్పుకోను. పార్టీ మీద అలిగి వేసిన ఓట్లయితే కువోమో కూడా కొట్టుకుపోయేవాడు. జనం సంగతి తెలుసుకుని, ఏరి మరీ పంపించారు. కొత్త సభ 2019లో చైల్డ్ విక్టిమ్స్ యాక్ట్‌తో పాటు ముందస్తు ఓటింగ్‌ను, అద్దెదారుల రక్షణ చట్టాన్ని, పత్రాలు లేని వలసదారులకు డ్రైవింగ్ లైసెన్సును వరసపెట్టి పాస్ చేసింది.

అయితే ఈ కత్తికి రెండు వైపులా పదునే. ఎంగెల్‌ను ఓడించిన బోమన్‌ను 2024లో ఇదే ప్రైమరీలో జార్జ్ లాటిమర్ ఓడించాడు. ఇజ్రాయెల్ అనుకూల లాబీ ఏఐప్యాక్ అనుబంధ సంస్థ ఒక్కటే ఆ పోటీలో సుమారు కోటీ 45 లక్షల డాలర్లు గుమ్మరించింది. గుమ్మం గుమ్మం తిరిగేవాళ్ల పద్ధతి డబ్బున్నవాళ్లకూ తెలుసు. అలాగని చేతులు ముడుచుకోవడం నాకు నచ్చదు. టెక్సస్‌లో 2022 రనాఫ్‌లో, అంటే మొదటి రౌండ్‌లో ఎవరికీ సగానికి పైగా ఓట్లు రాకపోతే పెట్టే రెండో పోటీలో, సిటింగ్ కాంగ్రెస్ సభ్యుడు హెన్రీ క్వెల్యార్ మీద జెస్సికా సిస్నెరోస్ ఓడింది 289 ఓట్లతో. మన ఊళ్లో ఒక పెద్ద అపార్టుమెంట్ సముదాయం అంత.

గడువుల గొడవ ఐదో పాఠంలో వివరంగా వస్తుంది, కానీ ఇప్పుడే ఒకటి చూసుకోండి. న్యూయార్క్‌లో పార్టీలో నమోదైతేనే ప్రైమరీలో ఓటు, ఇప్పటికే ఓటరుగా ఉన్నవాళ్లు పార్టీలో చేరడానికో మారడానికో ఉన్న గడువు నెలల ముందే ముగుస్తుంది. 2016లో ట్రంప్ సొంత పిల్లలు ఇవాంకా, ఎరిక్ ఆ గడువు దాటిపోయి తండ్రికే ఓటు వేయలేకపోయారు. న్యూజెర్సీలో, అంటే మన ఎడిసన్ వాళ్లకు, ఏ పార్టీలోనూ లేకపోతే పోలింగ్ రోజునే పార్టీ చెప్పి వేయొచ్చు. టెక్సస్‌లో అసలు పార్టీ నమోదే లేదు, కానీ మొదటి రౌండ్‌లో ఒక పార్టీ ప్రైమరీలో వేస్తే రనాఫ్‌లో రెండో పార్టీ వైపు పోకూడదు.

ఈ వారం పని: ఒక బిల్లు, ఒక కాగితం. బిల్లు నంబరు రాయండి, అది ఎన్ని సమావేశాలుగా ఏ మెట్టు మీద ఆగిందో రాయండి, కింద మీ ప్రశ్న ఒకే వాక్యంలో రాయండి. పద్దెనిమిది మాటలు దాటితే కొట్టేసి మళ్లీ రాయండి. ఆ కాగితం ముందు పెట్టుకుని ఆఫీసుకు ఒక్క ఫోన్ చేయండి, జవాబు కింద తేదీతో సహా నమోదు చేయండి. ఇంట్లో ఎవరికైనా ఆ రెండు వాక్యాలు చెప్పి చూడండి, పొయ్యి మీద ఏమీ లేనప్పుడు.

నాలుగో పాఠంలో నామినేషన్ పిటిషన్లు. న్యూయార్క్‌లో కాంగ్రెస్‌కు నిలబడాలంటే ఆ నియోజకవర్గంలో ఆ పార్టీ ఓటర్ల సంతకాలు 1,250 కావాలి. మూడింతలు ఎందుకు సేకరిస్తారో, అవతలి లాయరు ఏ సంతకాన్ని ఏ కారణంతో కొట్టేస్తాడో చూద్దాం.